గ్రోత్ హార్మోన్ టెస్టుకి మా చిన్నోణ్ణి తీసుకెళ్ళిన మహారాణిపేట సెంటర్ - 5కి 4

ముందు రేటింగ్ చెప్పేస్తా, 5కి 4. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కింద రాశాను, అది చిన్న విషయమేం కాదు. పిల్లాడు ఎత్తు పెరగట్లేదని బెంగ పెట్టుకుని హార్మోన్ టెస్టు ఎక్కడ చేయించాలా అని వైజాగ్‌లో తిరుగుతున్నవాళ్ళకి పనికొస్తుందని కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది గాజువాక. మా చిన్నోడికి పదేళ్ళు, ఎత్తు 119 సెంటీమీటర్లు, బరువు 21 కిలోలు. స్కూల్లో ప్రేయర్‌కి నిలబడితే ఎప్పుడూ లైన్లో మొదటోడు వాడే. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్తే "ఇదేటమ్మా, పిల్లాడికి తిండి పెట్టట్లేదేటి" అని వాడి ముందే అనేస్తారు, వాడు నా చీర కొంగు పట్టుకుని వెనక్కెళ్ళిపోతాడు. పోయినేడాది మొత్తానికి మూడున్నర సెంటీమీటర్లే పెరిగాడు, ఈ వయసులో ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరగాలి, అందుకే నాకు భయం పట్టుకుంది.

మొదట వేరే ల్యాబ్‌కి వెళ్ళాం, పేరు రాయను. ఇంట్లో ఇడ్లీ తిని, బస్సులో నిలబడి, పదకొండు గంటలకి అక్కడికి చేరితే వెంటనే ఓ గొట్టంలో రక్తం తీసి పంపించేశారు. సాయంత్రం రిపోర్టులో గ్రోత్ హార్మోన్ 0.2 అని, పక్కన తక్కువ అన్న గుర్తు. ఎవరూ ఏమీ చెప్పలేదు, కాగితం చేతిలో పెట్టారు అంతే. మా ఆడపడుచు ఎవర్నో అడిగి ఫోన్ చేసి "వదినా, రోజూ ఇంజక్షన్ వెయ్యాలంట, ఏళ్ళ తరబడి వెయ్యాలంట, లక్షలు అవుతాయంట" అంది. ఆ వారం రోజులూ మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. మా ఆయన పీఎఫ్‌లో ఎంత తీసుకోవచ్చో లెక్కలేసుకున్నారు కూడా.

తర్వాత మా స్కూల్లో మాస్టారు ఒకరు చెప్తే ఈ సెంటర్‌కి వచ్చాం. కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ హాస్పిటల్) దగ్గర్లోనే, మందుల షాపు మేడ మీద మూడో అంతస్తు. డాక్టరమ్మ గారు ఆ 0.2 కాగితం చూసి పక్కన పెట్టేసి ఒకటే ప్రశ్న అడిగారు, "మీ వీధిలో కొళాయి ఎన్నింటికి వస్తుందమ్మా?" అని. పొద్దున్నే ఆరింటికి ఓ గంట వస్తుందండీ అన్నాను. "మరి పదకొండింటికి తిప్పి చూసి మీ వీధికి నీళ్ళే లేవని రాసేస్తే ఒప్పుకుంటారా?" అన్నారు. నాకు అక్కడే సగం ప్రాణం తిరిగొచ్చింది. గ్రోత్ హార్మోన్ రోజంతా ధారగా రాదట, విడతలు విడతలుగా వస్తుంది, ఎక్కువగా రాత్రి గాఢనిద్ర పట్టిన కాసేపటికి పెద్ద విడత వస్తుంది, పగలు మామూలు పిల్లలకి తీసినా దాదాపు సున్నా దగ్గరే ఉండొచ్చు. అందుకని ఏదో ఒక టైములో తీసిన ఒక్క సాంపిల్‌తో లోపం ఉందని తేల్చకూడదు. మందిచ్చి, ఈ హార్మోన్ తయారుచేసే గ్రంథి చేత దాన్ని వదిలించి అప్పుడు వరసగా కొలవాలి, దాన్నే స్టిమ్యులేషన్ టెస్టు అంటారు. దానికంటే ముందు ఐజీఎఫ్-1 చేయించారు, ఇది గ్రోత్ హార్మోన్ పనివల్ల లివర్‌లో తయారయ్యేది, రోజంతా దాదాపు నిలకడగా ఉంటుంది. ఎడమ చెయ్యి ఎక్స్‌రే కూడా తీయించారు, ఎముకల వయసు చూడ్డానికి.

ఇక్కడ నాకు నచ్చిన విషయం కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ సెంటర్ విలువంతా అందులోనే ఉంది. నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పీయూష గ్రంథి, అదే పిట్యూటరీ, బఠాణీ గింజంత ఉంటుంది, అర గ్రాము బరువు, ముక్కు వెనకాల మెదడు అడుగున ఎముకలో గుంటలో కూర్చుని ఉంటుంది, శరీరంలో గ్రంథులన్నిటికీ పెద్ద అదే అని ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్తున్నా. డాక్టరమ్మ గారు మందులచీటీ వెనకాల బొమ్మ గీసి ఆ పెద్దకి కూడా పైన పెద్ద ఉందని చూపించారు. పైన హైపోథాలమస్ అని మెదడులోనే ఓ భాగం, అక్కణ్ణించి సన్నటి రక్తనాళాలు కిందకి దిగుతాయి, పై నుంచి రెండు కబుర్లు వస్తాయి, ఒకటి గ్రోత్ హార్మోన్ వదులు అని (జీహెచ్‌ఆర్‌హెచ్), రెండోది వదలకు అని (సొమాటోస్టాటిన్). ఈ రెండిట్లో ఏది గట్టిగా చెప్తే పిట్యూటరీ అది వింటుంది. సరే, మరి ఆ హైపోథాలమస్‌కి ఎవరు చెప్తారు అంటే మెదడులోని నరాలు నార్ అడ్రినలిన్‌తో చెప్తాయి. అడ్రినలిన్‌కి తోబుట్టువు అది. భయమేసినప్పుడు గుండె దడదడలాడేది మనకి తెలుసు కదా, ఆ కుటుంబం సిగ్నలే లోపల హార్మోన్ల కొళాయిని కూడా తిప్పుతుంది.

ఇందులో గమ్మత్తు ఏంటంటే సిగ్నల్ ఒకటే అయినా అది తగిలే గ్రాహకాన్ని (కణం మీద సిగ్నల్ అందుకునే రిసెప్టర్) బట్టి పని మారిపోతుంది. ఆ గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలుగా ఉంటాయని 1948లో ఆల్‌క్విస్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పారు, తర్వాత వాటిల్లో మళ్ళీ 1, 2 అని విడదీశారు. గ్రోత్ హార్మోన్ విషయంలో ఆల్ఫా-2 వైపు నుంచి సిగ్నల్ వెళ్తే వదులు అనే కబురు పెరుగుతుంది, వదలకు అనేది తగ్గుతుంది. బీటా వైపు నుంచి వెళ్తే సొమాటోస్టాటిన్ పెరిగి కొళాయి బిగుసుకుంటుంది. అందుకే కొన్నిచోట్ల ఇలాంటి టెస్టుల్లో బీటాని అడ్డుకునే ప్రొప్రనొలాల్ ముందు ఇచ్చి హార్మోన్ ఇంకా బాగా బయటికొచ్చేలా చేస్తారు.

ఇది తెలిసిన చోటుకీ తెలియని చోటుకీ తేడా ఎక్కడ తెలుస్తుందంటే అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే. ఇక్కడ కౌంటర్లో ఉన్నమ్మాయి ఫోన్లోనే "బాబు ఏ మందులు వాడుతున్నాడండీ, ఇన్‌హేలర్ ఏమైనా ఉందా" అని అడిగింది. మావాడికి డస్ట్ పడదు, చలికాలం సాల్‌బ్యుటమాల్ పీలుస్తాడు. అది బీటా గ్రాహకాల్ని లేపే మందు, అంటే కొళాయి బిగించే వైపుది. నేను చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు, మొదటి ల్యాబ్‌లో అయితే ఎవరూ అడగనేలేదు. డాక్టరమ్మ గారితో మాట్లాడి మళ్ళీ ఫోన్ చేసింది, "ముందురోజు అవసరం లేకపోతే వాడొద్దండీ, కానీ ఆయాసం వస్తే మాత్రం అస్సలు ఆపొద్దు, వేసెయ్యండి, టెస్టు ఇంకోరోజు పెట్టుకుందాం" అని. ఈ మాట కోసమే నేను ఓ స్టార్ ఎక్కువిస్తాను.

టెస్టు రోజు. రాత్రి ఎనిమిదింటికి అన్నం తిన్నాడు, తర్వాత మంచినీళ్ళే. పొద్దున ఏడున్నరకల్లా అక్కడున్నాం. సిస్టర్ గారు వాడి ఎత్తు, బరువు మళ్ళీ కొలిచి, రెండూ కలిపి ఒంటి వైశాల్యం లెక్కేశారు, 0.83 చదరపు మీటర్లు వచ్చింది. హార్మోన్ వదిలించడానికి ఇచ్చే మందు క్లొనిడిన్, అడ్రినలిన్ లాగే ఆ ఆల్ఫా-2ని తాకి పనిచేస్తుంది. అది చదరపు మీటరుకి 150 మైక్రోగ్రాముల లెక్కన మావాడికి దాదాపు 125. బిళ్ళ 100 మైక్రోగ్రాములది, అంటే ఒక బిళ్ళ, ఇంకోదాంట్లో పావు. ఆవిడ తెల్ల పళ్ళెంలో పెట్టి, కట్టర్‌తో సగానికి, మళ్ళీ సగానికి కోసి, పావు ముక్కని కళ్ళకి దగ్గరగా పట్టుకుని చూసి, రాలిన పొడి కనిపిస్తే అది పక్కన పడేసి ఇంకో బిళ్ళ తీసి మళ్ళీ కోశారు. ఇంకో సిస్టర్‌ని పిలిచి లెక్క చూపించారు, ఇద్దరూ సంతకాలు పెట్టారు. పావు బిళ్ళకి అంత జాగ్రత్త నేనెక్కడా చూళ్ళేదు.

కానీ బిళ్ళ వెంటనే ఇవ్వలేదు. ముందు చేతికి కాన్యులా పెట్టి అరగంట పడుకోబెట్టారు. సూది గుచ్చినప్పుడు కొంచెం ఏడ్చాడు, తర్వాత అదే గొట్టంలోంచి అన్నిసార్లూ తీశారు కాబట్టి మళ్ళీ గుచ్చడం లేదు. ఎందుకండీ ఆగడం అని అడిగితే సిస్టర్ "మెట్లెక్కినా, ఏడ్చినా, భయపడినా హార్మోన్ దానంతటదే వచ్చేస్తుందమ్మా, ఓసారి గట్టిగా వచ్చేసిందనుకోండి, తర్వాత కాసేపు మందేసినా సరిగ్గా రాదు, అప్పుడు మంచి పిల్లాడు కూడా ఫెయిల్ అయినట్టు కనిపిస్తాడు" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది, లేని జబ్బు కాగితం మీద ఇలా కూడా వచ్చేస్తుందా అని. భయపడితే ఇంకోటి కూడా జరుగుతుంది, ఆ నార్ అడ్రినలిన్ సిగ్నలే హైపోథాలమస్‌లో ఇంకో కబురుని లేపి పిట్యూటరీ చేత ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోన్ వదిలిస్తుంది, దాంతో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. మావాడికి మొదటి సాంపిల్‌లోనే కార్టిసాల్ కూడా చూశారు కాబట్టి పిల్లాడు కుదురుకునేదాకా ఆగడం దానికీ అవసరమే.

అందుకోసం ఆ గది ఎలా పెట్టారో చూడాలి మీరు. నాలుగు మంచాలు, మధ్యలో తెరలు, ఒక పిల్లాడికి రక్తం తీస్తుంటే పక్క పిల్లాడికి కనపడదు. టీవీ లేదు. తల్లిని మంచం పక్కనే కూర్చోనిస్తారు. సిస్టర్ గారు "నాన్నా, కైలాసగిరి మీద రైలెక్కావా" అంటూ మెల్లగా మాటల్లో పెట్టి అరగంటలో వాడి మొహంలో కంగారంతా తీసేశారు.

ఎనిమిదిన్నరకి మొదటి సాంపిల్, వెంటనే బిళ్ళ. తర్వాత 30, 60, 90, 120 నిమిషాలకి. గోడ గడియారం చూసి గొట్టం మీద టైము పెన్నుతో రాస్తున్నారు, ముందే రాసి పెట్టుకోవడం లేదు, అది నేను గమనించాను. బీపీ ప్రతీ అరగంటకీ చూశారు. మొదట 98/62 ఉన్నది గంటకి 82/50కి దిగింది, మావాడి మొహం పాలిపోయింది, కళ్ళు మూతలు పడిపోయి నిద్రలోకి జారుకున్నాడు. నేను భయపడ్డాను. అడ్రినలిన్ లాంటి పని చేసే మందు అన్నారు కదా, దానికి గుండె దడ రావాలి గానీ ఈ మత్తేంటి, బీపీ పడిపోవడమేంటి అని డాక్టరమ్మ గారినే అడిగేశాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. నార్ అడ్రినలిన్ వదిలే నరం చివర కూడా ఆల్ఫా-2 ఉంటుందట, అది ఆ నరానికి "ఇంక చాలు, ఆపు" అని చెప్పే కాపలాదారు. క్లొనిడిన్ వెళ్ళి దాన్ని నొక్కితే నరం సిగ్నల్ తగ్గించేస్తుంది, అందుకే బీపీ దిగుతుంది, మత్తొస్తుంది. అదే మందు హైపోథాలమస్‌లో ఉన్న ఆల్ఫా-2ని తాకినప్పుడు మాత్రం గ్రోత్ హార్మోన్ కబురు బయల్దేరుతుంది. ఈ మందుని 1960ల్లో ముక్కు దిబ్బడకి చుక్కలుగా వాడదామని చేస్తే బీపీ తగ్గి నిద్ర ముంచుకొచ్చిందనీ, దాంతో బీపీ మందుగా మారిందనీ చెప్పారు. కాళ్ళ కింద దిండు పెట్టి, పక్కన సెలైన్ సీసా సిద్ధంగా ఉంచారు, మావాడికి అవసరం పడలేదు.

ఇన్సులిన్ ఇచ్చి షుగర్ తగ్గించి చేసే టెస్టు కూడా ఉంది, అది కూడా హార్మోన్‌ని బాగానే వదిలిస్తుంది కానీ షుగర్ మరీ పడిపోతే ఫిట్స్ ప్రమాదం, అందుకని చిన్నపిల్లలకి ముందు ఈ క్లొనిడిన్ టెస్టే చేస్తామన్నారు. లోపం ఉందని తేల్చాలంటే మామూలుగా రెండు రకాల టెస్టుల్లో తక్కువ రావాలట, ఒక్కదాన్ని నమ్ముకుని ఇంజక్షన్లు మొదలుపెట్టరు.

నాకూ ఇక్కడే ఒక మేలు జరిగింది, పనిలో పనిగా చెప్తాను. నాకు పోయినేడాది ప్రొలాక్టిన్ (తల్లికి పాలు పడేలా చేసే హార్మోన్, ఇదీ పిట్యూటరీ నుంచే వస్తుంది) ఎక్కువుందని ఇంకెక్కడో చెప్పారు, మెదడు స్కాన్ కూడా రాశారు. మావాడి పక్కన కూర్చుని ఆ మాటంటే డాక్టరమ్మ గారు "గ్యాస్‌కి ఏమైనా వాడుతున్నారా" అని అడిగారు. రోజూ పొద్దున్నే వేసుకుంటాను, అందులో డొంపెరిడోన్ కలిసి ఉంటుంది. మన ఒంట్లో అడ్రినలిన్ తయారయ్యే దారిలోనే డోపమైన్ అని ముందు వచ్చేది ఒకటుంది, డోపమైన్ నుంచి నార్ అడ్రినలిన్, దాన్నించి అడ్రినలిన్. ఆ డోపమైనే ఎప్పుడూ పిట్యూటరీ మీద చెయ్యి వేసి ప్రొలాక్టిన్‌ని అదిమిపెట్టి ఉంచుతుంది. డొంపెరిడోన్ ఆ చేతిని పక్కకి తోసేస్తుంది, ప్రొలాక్టిన్ పైకి లేస్తుంది. ఆవిడ సలహా మీద ఆ బిళ్ళ మార్చి, కొన్ని రోజులాగి, ఇక్కడే అరగంట కూర్చోబెట్టాక తీస్తే మామూలుగా వచ్చింది, స్కాన్ అవసరం రాలేదు. దయచేసి మీరు సొంతంగా మందులు ఆపేసుకోకండి, కానీ వాడే ప్రతీ బిళ్ళా, గ్యాస్‌దైనా సరే, చీటీ మీద రాసి తీసుకెళ్ళి చూపించండి.

ఇక ఆ తగ్గించిన స్టార్ సంగతి. లిఫ్ట్ లేదు. మూడంతస్తులు. ఎక్కేటప్పుడు సరే, అరగంట పడుకోబెడతారు కాబట్టి సర్దుకుంటుంది, దిగేటప్పుడే కష్టం. పదిన్నరకి చివరి సాంపిల్ అయిపోయింది, ఉప్పేసిన మజ్జిగ తాగించి, ఇంటి నుంచి తెచ్చిన మినపరొట్టె తినిపించి, ఇంకో గంట పడుకోబెట్టి, బీపీ 94కి వచ్చాకే వదిలారు, అంతవరకూ బానే చేశారు. కానీ వాడు నిలబడితే కాళ్ళు తేలిపోతున్నాయి, నేను ఒక్కదాన్నే వెళ్ళాను, రెండో మలుపు దగ్గర వాడు తూలి నా మీద పడ్డాడు, గోడ పట్టుకోబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఇద్దరం దొర్లిపోయేవాళ్ళం. కింద మందుల షాపు కుర్రాడు పరిగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తుకుని ఆటో ఎక్కించాడు. బీపీ తగ్గించే మందిచ్చి పిల్లల్ని మెట్ల మీద పంపడం తప్పు. పైకి వెళ్ళి ఆ మాట గట్టిగానే చెప్పాను, వాళ్ళు వాదించలేదు, తర్వాతసారి వెళ్ళినప్పుడు మెట్ల దగ్గర ఒక ఆయమ్మని, చక్రాలు లేని మోసుకెళ్ళే కుర్చీని పెట్టారు. లిఫ్ట్ మాత్రం ఇంకా లేదు. కాబట్టి వెళ్ళేవాళ్ళు ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్ళండి, బండి మీద మాత్రం వద్దు, మత్తులో ఉన్న పిల్లాణ్ణి వెనకాల కూర్చోబెట్టుకుని ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో రావడం చాలా ప్రమాదం.

ఖర్చు ఐదు సాంపిళ్ళకీ, మంచానికీ కలిపి నాలుగు వేల చిల్లర అయింది, ఐజీఎఫ్-1, ఎక్స్‌రే వేరే. ఏసీ మరీ చల్లగా పెడతారు, దుప్పటి తీసుకెళ్ళండి. రిపోర్టు మూడోరోజు ఇస్తామని ఐదోరోజు ఇచ్చారు, ఆ రెండు రోజులూ మా అత్తగారు సింహాచలం అప్పన్నకి మొక్కుతూనే ఉన్నారు.

రిపోర్టులో అంకెలు ఇవి, 0.4, 1.8, 8.9, 13.6, 7.2. తొంభై నిమిషాల దగ్గర 13.6. చాలాచోట్ల 10 దాటితే చాలంటారు, కొందరు 7 అన్నా ఒప్పుకుంటారు. మొదటి అంకె చూడండి, 0.4, ఆ పాత కాగితం మీద ఉన్న 0.2కి పెద్ద తేడా ఏం లేదు. గంటన్నరలో అదే పిల్లాడు, అదే గ్రంథి, 13.6. ఎముకల వయసు ఎనిమిదేళ్ళు అని వచ్చింది, అంటే రెండేళ్ళు వెనకున్నాయి, ఇంకా పెరిగే టైము ఉంది. వాళ్ళ నాన్న కూడా ఇంటర్‌లోకి వచ్చాకే ఒక్కసారిగా సాగారని మా అత్తగారు చెప్తే డాక్టరమ్మ గారు అది కూడా ఫైల్లో రాసుకున్నారు. ఇంజక్షన్ అవసరం లేదు, ఆర్నెల్లకోసారి వచ్చి ఎత్తు చూపించమన్నారు. అక్కడ గోడకి బిగించిన కొలబద్ద ఉంది, చెప్పులు, సాక్సులు విప్పించి, మడమలు గోడకి ఆనించి, గడ్డం సరిచేసి, మూడుసార్లు కొలిచి సగటు రాస్తారు.

పోయిన శనివారం ఆ ఆర్నెల్ల కొలతకి వెళ్ళాం. 121.9. మెట్లు దిగేటప్పుడు మావాడు నా చెయ్యి వదిలించుకుని రెండేసి మెట్లు గెంతుకుంటూ దిగాడు.